నీటిని చూసి ఎర: భోగాపురం పరిసరాల మంచినీటి వేటలో కృత్రిమ ఎరల ఎంపిక, వాడకం

భోగాపురం పేరు చెప్పగానే నేటి పాఠకులకు అంతర్జాతీయ విమానాశ్రయమో, ముక్కాం తీరంలో ఇసుక మీదికి లాగిన పడవలో గుర్తుకు రావచ్చు. కాని జాతీయ రహదారికి అటూ ఇటూ కొబ్బరి తోటలకూ సరుగుడు తోపులకూ నడుమ పరచుకున్న ఊరచెరువులు, ఈశాన్యాన కోనాడ దగ్గర సముద్రంలో కలిసే చంపావతి, నైరుతిన భీమునిపట్నం దగ్గర కలిసే గోస్తనీ, ఆ రెండు నదుల ఎగువన ఉన్న ఆండ్ర, తాటిపూడి జలాశయాలు, వర్షాకాలంలో ఒక్కసారిగా పొంగి మళ్లీ సన్నబడే గెడ్డలు అన్నీ కలిసి ఈ మండలం చుట్టూ గాలపు వేటకు ఎంతో అనువైన మంచినీటి ప్రాంతాన్ని ఏర్పరిచాయి. సముద్రపు వేటకున్న పేరు ఈ మంచినీటి వేటకు లేకపోవడం వల్ల దాని మెళకువలు పుస్తకాలకెక్కడం అరుదు; ముఖ్యంగా ఇటీవలి కాలంలో ఇక్కడి యువకుల చేతుల్లోకి వచ్చిన కృత్రిమ ఎరల గురించి తెలుగులో క్రమబద్ధంగా రాసినది చాలా తక్కువ.

కృత్రిమ ఎర అంటే వానపాము, రొయ్య, కప్పపిల్ల వంటి జీవపు ఎరకు బదులుగా లోహంతోగాని, చెక్కతోగాని, రబ్బరు, ప్లాస్టిక్కులతోగాని చేసిన ప్రతిరూపం; వేటగాళ్ల వాడుకలో దీనికి లూర్ అన్న పేరే స్థిరపడింది. జీవపు ఎర నీటిలో ఊరికే వేలాడుతున్నా తన వాసనతో, పెనుగులాటతో చేపను రప్పించుకోగలదు. లూర్‌కు ఆ వెసులుబాటు లేదు కనుక దానికి కదలికనిచ్చి ప్రాణమున్నట్టు చూపవలసిన బాధ్యత రాడ్ పట్టిన చేతిది. అందువల్ల ఎంపిక, వాడకం అనేవి రెండు వేరు విషయాలు కావు. ఏ నీరు, ఆ నీటిలో ఏ చేప, ఆ చేప ఆ వేళకు దేనిని, ఎంత లోతులో తింటోంది అనే మూడు ప్రశ్నలకు గట్టుమీద నిలబడి జవాబు వెతుక్కున్న తరువాతనే లూర్ల పెట్టె మూత తెరవడం సరైన పద్ధతి. దుకాణంలో మెరుపు చూసి కొన్నదానిని చెరువు ఏదైనా, వేళ ఏదైనా విసురుతూ పోవడం చేతులకు వ్యాయామమే తప్ప వేట కాదు.

అన్నింటికంటే ముందు తేల్చుకోవలసినది ఆ నీటిలో లూర్‌ను వెంటాడే చేప ఉన్నదా లేదా అన్నది. ఊరచెరువుల్లో పెంపకానికి వదిలే బొచ్చె పైనీటిలో తేలే సూక్ష్మజీవులను నోటితో వడగట్టుకుని తింటుంది. శీలావతి నడినీటిలోని మొక్కల అవశేషాలను, నాచును తింటుంది. ఎర్రమోసు అడుగు బురదలో కుళ్లిన పదార్థాలను ఏరుకుంటుంది. ఈ మూడింటికీ పిండి ముద్దలు కావాలి గాని రబ్బరు కప్పలు అక్కరలేదు. కాబట్టి కేవలం పెంపకపు చేపలే ఉన్న చెరువులో లూర్ విసరడం వ్యర్థం. లూర్ వేటకు పనికివచ్చేవి ప్రాణమున్న ఆహారాన్ని వెంటాడి గాని, మాటు వేసి గాని పట్టే మాంసాహార చేపలు. గాలానికి చిక్కిన తరువాత గట్టిగా పెనుగులాడే గుణం కూడా ఉన్నందువల్ల వీటినే క్రీడావేటలో గేమ్ ఫిష్ అంటారు. భోగాపురం పరిసరాల్లో ఈ కోవకు చెందినవి ప్రధానంగా కొర్రమీను, దాని చిన్న బంధువైన మట్టగిడస, నదుల్లో, జలాశయాల్లో వాలుగ, నదీముఖాల్లో పండుగప్ప.

వీటిలో కొర్రమీనుదే అగ్రస్థానం. తెలంగాణ రాష్ట్రం దీనిని తన రాష్ట్ర చేపగా ప్రకటించుకున్నదంటే తెలుగువారికి ఈ చేప మీదున్న మక్కువ ఎంతటిదో తెలుస్తుంది. దీని మొప్పల పైభాగంలో గాలిని నేరుగా పీల్చుకోవడానికి గదివంటి అవయవం ఒకటి ఉంటుంది. నీటిలోని ప్రాణవాయువు మీదనే ఆధారపడకుండా మధ్యమధ్య పైకి వచ్చి గాలి మింగి పోవడం దీనికి తప్పనిసరి, పైకి రానివ్వకుండా అడ్డుకుంటే నీటిలో ఉండి కూడా ఊపిరాడక చనిపోతుంది. లూర్ వేటగాడికి ఈ ఒక్క లక్షణం ఎంతో ఉపకరిస్తుంది. ఇతర చేపలు నీరసించే వేసవి మధ్యాహ్నాల్లోనూ, నాచు కుళ్లి ప్రాణవాయువు తగ్గిన మడుగుల్లోనూ కొర్రమీను చురుకుగానే ఉంటుంది. పైగా గాలి పీల్చుకోవడానికి వచ్చినప్పుడు నీటిమీద ఒక చిన్న ఉబుకు, దానిచుట్టూ వలయం, వెనువెంటనే నాలుగైదు బుడగలు కనిపించి అది ఎక్కడ కాపురముందో చెప్పేస్తాయి. తామరాకుల నడుమ ఉన్న ఖాళీలు, జమ్ము పొదల అంచులు, గుర్రపుడెక్క ముద్దల నీడలు, తూము దగ్గరి రాళ్ల సందులు దీనికి ఇష్టమైన మాటు స్థలాలు. మాటు వేసే చేప దూరం వెంటాడదు. తన ఎదుటికి వచ్చినదాని మీదనే విరుచుకుపడుతుంది. కాబట్టి లూర్ ఎంత అందమైనది అన్నదానికంటే ఆ మాటుకు ఎంత దగ్గరగా పడింది అన్నదే ఇక్కడ నిర్ణాయకం.

వాలుగది వేరే దారి. పొడవైన మీసాలు, వెడల్పాటి నోరు గల ఈ చేప పగలు లోతైన మడుగుల్లో పడి ఉండి చీకటి పడ్డాక చిన్న చేపల గుంపుల మీదికి వస్తుంది. కాబట్టి దీనికి వేసే ఎర కంటికి కనిపించడం కంటే నీటిలో అదురు పుట్టించడం ముఖ్యం. చేప శరీరానికి ఇరుపక్కలా తలనుంచి తోకవరకు సాగే పార్శ్వరేఖ అనే ఇంద్రియం నీటిలోని సన్నని కంపనాలను పసిగడుతుంది. బురదనీటిలోనూ, రాత్రివేళల్లోనూ చేపకు కన్ను చేయలేని పనిని ఈ రేఖ చేస్తుంది. పండుగప్ప ఉప్పునీటికీ మంచినీటికీ మధ్య తిరిగే చేప. సముద్రానికి చేరువలోని నదీముఖాల్లో, అంటే మొగల్లో, గుడ్లు పెడుతుంది; పిల్లలు ఏరు పట్టుకుని పైకి ఎక్కి మంచినీటిలో పెరిగి, తిరిగి మొగల వైపు దిగుతాయి. వంతెన స్తంభాలు, కూలిన చెట్ల మొదళ్లు, వేళ్లు తేలిన గట్లు వంటి అడ్డు ఉన్నచోట, ఆటుపోటు మారే వేళల్లో అది వేటకు దిగుతుంది. దీని మొప్ప మూతల అంచు కత్తిలా పదునైనది కనుక సన్నని దారం నిలవదు.

ఎరను చేతితో చేసుకోవాలన్న ఆలోచన చాలా పాతది. కాని నేటి పెట్టెల్లో కనిపించే రూపాలు చాలావరకు గత రెండు శతాబ్దాల్లో వచ్చినవే. అమెరికాలో జూలియో బ్యూయెల్ లోహపు చెంచా ఎరకు 1852లో పేటెంటు పొందాడు. ఫిన్లాండ్‌లో లౌరి రపాలా అనే బెస్తవాడు 1936లో బెండును చెక్కి, చాక్లెట్ల మెరుపు కాగితం చుట్టి, ఫోటో నెగటివ్‌లను కరిగించి పైపూత పూసి, గాయపడిన చిన్నచేప తడబాటును అనుకరించే చేపబొమ్మను తయారుచేశాడు. 1949లో నిక్ క్రీమ్ మెత్తని ప్లాస్టిక్ వానపాముకు రూపమిచ్చాడు. మనదేశపు చేపలకు ఇటువంటి ఎరలను ఎలా వాడాలో రాసినవారిలో హెన్రీ సల్లివన్ థామస్ ముఖ్యుడు. విజయనగరం, శ్రీకాకుళం సీమలు భాగంగా ఉండిన మద్రాసు ప్రెసిడెన్సీలో సివిల్ సర్వీసు ఉద్యోగి అయిన ఆయన 1873లో వెలువరించిన ది రాడ్ ఇన్ ఇండియా, 1887లో వెలువరించిన ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా నేటికీ చదవదగ్గవి. అంతకుముందే ప్యాట్రిక్ రస్సెల్ విశాఖపట్నం దగ్గర సేకరించిన 200 చేపలను వాటి స్థానిక నామాలతో సహా వర్ణించి 1803లో అచ్చువేయించాడు. ఈ తీరపు చేపల సంగతి అంత పూర్వమే పుస్తకరూపం దాల్చినా, వాటిని గాలంతో పట్టే విద్య మాత్రం తెలుగులో నోటిమాటగానే మిగిలింది.

కప్ప బొమ్మ

భోగాపురం చెరువుల్లో ఒకే ఒక లూర్‌తో ఏడాది పొడవునా వేటాడవలసి వస్తే అది నిస్సందేహంగా రబ్బరు కప్పే కావాలి. కొర్రమీనుకు కప్ప పరిచితమైన ఆహారం. పల్లెల్లో సజీవమైన కప్పపిల్లను గాలానికి గుచ్చి నీటిమీద ఆడించడం ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. అయితే వరిపొలాల్లో పురుగును తిని రైతుకు మేలుచేసే కప్పల సంఖ్య కాళ్ల ఎగుమతి వల్ల తగ్గిపోతున్నదని గుర్తించి భారత ప్రభుత్వం 1987లో ఆ ఎగుమతిని నిషేధించిన సంగతిని తలుచుకుంటే, బొమ్మ కప్పతో పని జరుగుతున్నప్పుడు బతికిన కప్పను గుచ్చవలసిన అవసరం కనిపించదు.

మంచి కప్ప బొమ్మ లోపల బోలుగా ఉంటుంది. దాని పొట్ట కిందుగా వచ్చి వెనుకనుంచి పైకి తిరిగిన జంట గాలాలు వీపుకు ఇరుపక్కలా ఆనుకుని ఉంటాయి. మొనలు రబ్బరును రాసుకుంటూ ఉండటం వల్ల ఆకు మీదా, నాచు మీదా లాగినా ఎక్కడా తగులుకోవు. చేప నోటితో నొక్కినప్పుడు బోలు శరీరం చదునై మొనలు బయటపడతాయి. కొనేటప్పుడు కప్పను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కి చూడాలి. తేలికగా అణగి, మొనలు రెండూ స్పష్టంగా పైకి తేలి, వదలగానే తిరిగి ఉబ్బితే అది పనికివస్తుంది, టైరు ముక్కలా గట్టిగా ఉంటే రంగు ఎంత బాగున్నా పక్కన పెట్టవలసిందే. ముక్కు దగ్గర దారం కట్టే కంటి చుట్టూ సందు ఎక్కువగా ఉన్న కప్పలోకి నీరు త్వరగా చేరి మునుగుతుంది. అందుకే నాలుగైదు విసుర్లకొకసారి నొక్కి నీరు పిండేయాలి. కాళ్లుగా వేలాడే రబ్బరు పోగులు మరీ పొడవుగా ఉంటే చేప వాటిని మాత్రమే పట్టి వదిలేస్తుంది కాబట్టి కొంత కత్తిరించడం, రెండు పక్కలా సమానంగా కాక ఒకవైపు కాస్త పొట్టిగా కత్తిరించడం వేటగాళ్లలో అలవాటు. ఆ తేడా వల్ల లాగినప్పుడు కప్ప నేరుగా కాక అటొక అడుగు ఇటొక అడుగు వేస్తున్నట్టు వస్తుంది.

విసిరే తీరు ఇలా ఉంటుంది. చేప ఉబికిన చోటిమీదనే కప్పను వేయకూడదు. నెత్తిమీద రాయి పడ్డట్టయి అది పారిపోతుంది. ఆ చోటికి కొంత ఆవల, వీలైతే ఆకుమీదో గట్టుమీదో పడేటట్టు విసిరి, వలయాలు సద్దుమణిగేదాకా ఆగి, అక్కడినుంచి మెల్లగా నీటిలోకి జారవిడవడం సహజంగా కనిపిస్తుంది. రాడ్ కొనను నీటివైపు దించి మణికట్టుతో చిన్నచిన్న కుదుపులిస్తూ, ప్రతి రెండు మూడు కుదుపులకూ ఒకసారి నిలపాలి. ఆకుల మధ్య ఖాళీ వచ్చినప్పుడు ఆ నిలుపు మరింత దీర్ఘంగా ఉండాలి, ఎందుకంటే కొర్రమీను ఎక్కువసార్లు కదిలే కప్పను గమనించి ఆగిన కప్పను కొడుతుంది. నీరు పగిలినట్టు పెద్ద చప్పుడుతో చేప కొట్టిన క్షణంలోనే కొత్తవారు ఉలిక్కిపడి రాడ్‌ను పైకి లాగేస్తారు. అప్పటికి కప్ప ఇంకా నోటి అంచునే ఉండి ఊడి వచ్చి లాగినవారి ముఖం మీదికే ఎగురుతుంది. సరైన పద్ధతి దారాన్ని కాస్త వదులిచ్చి, చేప నోరు మూసుకుని కిందికి తిరిగిన బరువు రాడ్‌కు తెలిసిన తరువాత గట్టిగా, ఒకే ఊపులో వెనక్కి లాగడం. తగిలాక మాత్రం నెమ్మది పనికిరాదు. చేప నాచులోకి తల దూర్చే వ్యవధి ఇస్తే బరువంతా నాచుదే అవుతుంది. ఒక దెబ్బ గురితప్పితే మళ్లీ అక్కడికే విసరాలి. కొర్రమీను రెండోసారి, మూడోసారి కూడా వచ్చి కొట్టడం సాధారణమే.

చెంచా, తిరిగే రేకు, చేపబొమ్మ

నాచు లేని, లోతున్న నీటిలో కప్ప బొమ్మ ప్రయోజనం తగ్గిపోయి లోహపు ఎరలు ముందుకు వస్తాయి. స్పూన్ అనే చెంచా ఎర పిడిలేని చెంచా గిన్నెలా కొద్దిగా వంపు తిరిగిన రేకు. లాగినప్పుడు ఇటూ అటూ ఊగుతూ వెలుగును విరజిమ్ముతుంది, లాగుడు ఆపితే ఆకురాలినట్టు వాలుతూ దిగుతుంది. తాటిపూడి వంటి జలాశయంలో గట్టునుంచి దూరానికి విసరడానికీ, ఎంత లోతుకు కావాలంటే అంత లోతుకు దించడానికీ ఇంతకంటే సులువైన ఎర లేదు. నీటిలో పడింది మొదలు లెక్కపెట్టుకుంటూ దారం వదలాలి. ఒక విసురుకు అయిదు వరకు, తరువాతి విసురుకు పది వరకు లెక్కించి లాగుతూ పోతే చేప ఏ అంతరంలో ఉన్నదో తెలిసిపోతుంది, తెలిసిన తరువాత ఆ లెక్కను మార్చకూడదు. స్పిన్నర్‌లో రేకు ఒక తీగ చుట్టూ గిర్రున తిరుగుతుంది. గుండ్రని రేకు నెమ్మదిగా తిరిగి ఎక్కువ అదురు పుట్టిస్తుంది కాబట్టి బురదనీటికి, సన్నని ఆకువంటి రేకు వేగంగా తిరిగి తక్కువ అదురుతో ఎక్కువ మెరుపు ఇస్తుంది కాబట్టి తేటనీటికి తగినవి. స్పిన్నర్ వల్ల దారం మెలిపడుతుంది. దారానికీ ఎరకూ మధ్య స్వివెల్ అనే తిరిగే బిళ్లను కలపడంతో ఆ బాధ చాలావరకు పోతుంది.

చెక్కతోనో ప్లాస్టిక్కుతోనో చేసిన చేపబొమ్మలలో మూతి కింద నాలుకలా పొడుచుకు వచ్చిన పలక ఉన్నవాటిని క్రాంక్‌బెయిట్ అంటారు. ఆ పలక పొట్టిగా, నిటారుగా కిందికి దిగి ఉంటే బొమ్మ పైనీటిలోనే నడుస్తుంది. పొడవుగా, శరీరానికి సమాంతరంగా ముందుకు చాచి ఉంటే లాగినకొద్దీ లోతుకు దూకుతుంది. పెట్టెమీద ఏమి రాసి ఉన్నా ఈ పలకను చూసి లోతును అంచనా కట్టవచ్చు. కొత్త బొమ్మను ముందుగా గట్టుపక్కన తేటనీటిలో లాగి చూడాలి. నేరుగా రాకుండా ఎడమకు పోతుంటే దారం కట్టే కంటిని పట్టకారుతో వెంట్రుకవాసి కుడికి, కుడికి పోతుంటే ఎడమకు వంచితే సర్దుకుంటుంది. ఊరికే చుట్టుకుంటూ పోవడం కంటే రాయికో మొద్దుకో తగిలిన వెంటనే ఒక క్షణం ఆపడం వల్ల ఎక్కువ ఫలితం ఉంటుంది. తేలే బొమ్మ ఆ విరామంలో కొద్దిగా పైకి లేస్తుంది, దెబ్బతిన్న చేప తప్పించుకోబోతున్నట్టు కనిపిస్తుంది. నదీముఖాల్లో పండుగప్పకు ఈ రకమే ఉత్తమం. అయితే వీటికి వేలాడే మూడుమొనల గాలాలు చేప నోటిని చీల్చేస్తాయి, వల తగిలితే విడవవు. కంపెనీ ఇచ్చిన వాటిని తీసి దృఢమైన ఒంటిమొన గాలాలు అమర్చుకుంటే చేపకూ వేటగాడి వేళ్లకూ మంచిది.

మెత్తని ప్లాస్టిక్ పురుగులు, తోకాడే చేపపిల్లలు అడుగునీటికి చెందినవి. గాలపు మొనను తిరిగి ప్లాస్టిక్ శరీరంలోనే దాచి, ముందు చిన్న బరువు వేస్తే తూటికాడల మధ్యకు కూడా పంపవచ్చు. బరువుకు సీసాన్ని వాడటం ఇక్కడ సర్వసాధారణం, కాని సీసం విషపదార్థం. పోగొట్టుకున్న సీసపు బరువులను హంసలు మింగి చనిపోతున్నందున బ్రిటన్ 1987లోనే వాటిలో అత్యధిక పరిమాణాలను నిషేధించింది. బాతులు మేసే, పశువులు నీరు తాగే ఊరచెరువులో ఇనుముగాని ఇత్తడిగాని వాడటం తెలివైన పని.

రంగు, వెలుగు, రుతువు

రంగు గురించి వేటగాళ్లు చేసే చర్చ దానికి తగినదానికంటే చాలా ఎక్కువ. తేటనీటిలో లోతుకు పోయేకొద్దీ ఎరుపు ముందుగా మాయమై నల్లగా కనిపిస్తుంది. ఒండ్రుతోనో ఆకుల కషాయంతోనో రంగు మారిన నీటిలో నీలం మొదట పోతుంది. పైనీటి ఎరను చేప చూసేది కిందినుంచి, అంటే వెలుతురున్న ఆకాశానికి అడ్డంగా. కాబట్టి కప్ప వీపు మీద వేసిన చారలు కొనేవారి తృప్తికే గాని, చేపకు కనిపించేది పొట్ట రంగూ నీడా మాత్రమే. ఇందునుంచి తేలే ఆచరణ సులభమైనది: తెల్లవారుజామునా, మునిమాపునా నల్లని ఎర స్పష్టమైన నీడనిస్తుంది, తేటనీటి పగలు వెండి, గోధుమ వంటి సహజమైన రంగులు నప్పుతాయి, వరద తరువాతి ఎర్రనీటిలో నిమ్మపసుపు వంటి గాఢమైన రంగు, దానితోపాటు చప్పుడు చేసే ఎర అవసరం. అంతకుమించి రంగుల మీద డబ్బు ఖర్చు చేయడం దండగ.

రుతువు ప్రభావం రంగుకంటే ఎంతో లోతైనది, ఎందుకంటే చేప శరీరపు వేడి నీటి వేడిని అనుసరించి మారుతుంది, దానితోపాటే ఆకలీ చురుకుదనమూ మారతాయి. డిసెంబరు, జనవరి ఉదయాల్లో చల్లబడిన నీటిలో చేప వేగంగా కదలదు. అప్పుడు ఎండ పొడ గట్టును తాకేదాకా ఆగి, చిన్న ఎరను చాలా నెమ్మదిగా లాగాలి. మార్చి నుంచి మే వరకు చెరువులు కుంచించుకుపోయి చేపలన్నీ మిగిలిన మడుగుల్లో గుమికూడుతాయి. వేట తేలికే, కాని ఊరివారంతా చెరువు పట్టుకునే కాలం కూడా అదే. చంపావతిలో కొత్తనీరు వచ్చిన మొదటి రోజుల్లో నీరు బురదగా, చెత్తతో పారుతుంది. ఆ ప్రవాహంలో లూర్ వేయడం కంటే గెడ్డ వచ్చి కలిసేచోట, పారే నీటికీ నిలిచిన నీటికీ మధ్య ఏర్పడే గీత వెంబడి వేయడం ఫలిస్తుంది, ఎందుకంటే కొట్టుకువచ్చే చిన్నచేపలు సేదదీరేది అక్కడే. అక్టోబరు, నవంబరు తుపానుల తరువాత చెరువులు నిండి నీరు తేరుకునే రెండు మూడు వారాలు ఈ ప్రాంతపు లూర్ వేటకు మేలైన కాలం.

దారం, ముడి, రాడ్

సరంజామాలో లూర్ తరువాత ముఖ్యమైనది దారం. సన్నని పోగులను జడలా అల్లినట్టుండే బ్రెయిడ్ దారం సాగదు, నాచును కోసుకుంటూ వస్తుంది. కప్ప బొమ్మతో కొర్రమీనుకు 30 నుంచి 50 పౌండ్ల బలం గలది సరిపోతుంది. ఎర కంటికి దగ్గరగా రాపిడిని తట్టుకునే మందపాటి తుంటను ముడివేస్తారు, దానిని లీడర్ అంటారు. నాచులో కొర్రమీనుకు ఇది లేకపోయినా గడుస్తుంది గాని పండుగప్పకు, వాలుగకు తప్పనిసరి. ఆరున్నర నుంచి ఏడు అడుగుల పొడవుండి మొదట గట్టిగా, కొసన కాస్త వంగే రాడ్ కప్పకు తగినది. చెంచాకు, చిన్న చేపబొమ్మకు ఇంకొంత మెత్తనిది కావాలి. బ్రెయిడ్‌కు పాలోమర్ ముడి నమ్మదగినది. ఏ ముడినైనా బిగించే ముందు తడిపితే దారం వేడెక్కి బలహీనపడదు. గాలం మొనను గోటి మీద ఆనించి తేలికగా జరిపితే అది జారకుండా గుచ్చుకుని నిలవాలి, జారితే సాన పట్టాలి. కొర్రమీను దవడ గట్టిది. మొద్దుబారిన మొనతో జరిగే నష్టాన్ని ఎంత ఖరీదైన రీలూ పూడ్చలేదు.

అనుమతి, సంయమనం

ఊరచెరువులు యజమాని లేని నీళ్లు కావు. పంచాయతీలకు, మత్స్యశాఖకు చెందిన చెరువులను మత్స్యకార సహకార సంఘాలు లీజుకు తీసుకుని పిల్లలను వదిలి పెంచుకుంటాయి. లీజుదారుని అడగకుండా గాలం వేయడం వారి పంటలోకి దిగడమే. పెంపకపు చెరువులో కొర్రమీను పిల్లచేపలను తినేసే శత్రువు కనుక మర్యాదగా అడిగితే చాలామంది అభ్యంతరపెట్టరు, పట్టిన చేపను ఇచ్చిపొమ్మని షరతు పెడితే పెట్టవచ్చు. జలాశయాలకు మత్స్యశాఖ అనుమతి ముందే తీసుకోవాలి.

సముద్రంలో మరపడవల వేటకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు విరామం ఉన్నట్టు చెరువులకు అటువంటి గడువేదీ ఆచరణలో లేదు. కాని ఆ విరామం ముగిసే వేళకే, తొలకరి వానలతో కొర్రమీను జత కట్టి ఆకుల మధ్య చోటు శుభ్రం చేసుకుని గుడ్లు పెడుతుంది. పిల్లలు బయటికి వచ్చాక ఎర్రగా, ముద్దలా కలిసి నీటిమీద తేలుతూ తిరుగుతాయి; తల్లిదండ్రి చేపలు వాటి కిందనే కాపలా ఉండి దగ్గరికి వచ్చిన దేనినైనా కొడతాయి. ఆ ఎర్రని గుంపు మీదుగా కప్ప బొమ్మను లాగితే దెబ్బ తప్పక పడుతుందని తెలిసి కొందరు వెతికిమరీ అక్కడే విసురుతారు. ఆకలితో కాక కాపలాతో కొట్టిన చేపను పట్టడంలో నేర్పేమీ లేదు. పైగా కాపరి పోయిన ఆ పిల్లలను ఇతర చేపలు, కొంగలు త్వరలోనే తినేస్తాయి, అంటే ఒక చేపతో పాటు రాబోయే రెండేళ్ల వేట పోతుంది. వాలుగ పరిస్థితి ఇంకా సున్నితం. ఐయూసీఎన్ ఎర్రజాబితాలో అది ప్రమాదపు అంచున ఉన్న జాతుల్లో చేరింది, కాబట్టి పట్టినా వదలడమే ఉచితం. పండుగప్ప జీవితాన్ని మగచేపగా మొదలుపెట్టి కొన్నేళ్లకు ఆడచేపగా మారుతుంది కాబట్టి బాగా పెద్దవి దాదాపు అన్నీ గుడ్లు పెట్టేవే; వంటకు మధ్యరకం సరిపోతుంది, పెద్దదానిని వదిలితే ఏరుకు మేలు. వదలదలచిన చేపను తడిచేతులతో పట్టాలి, ముల్లును పట్టకారుతో ముందే నొక్కి చదును చేసిన గాలం వాడితే నోరు చీలకుండా క్షణంలో ఊడివస్తుంది. తెగిన ప్లాస్టిక్ పురుగులను నీటిలో పారేయకూడదు. అవి కరగవు, మింగిన చేప కడుపులో ఉండిపోతాయి.

ఈ ప్రాంతంలో కొత్తగా మొదలుపెట్టేవారికి పెద్ద పెట్టె అక్కరలేదు. నల్లనిదొకటి, నిమ్మపసుపుదొకటి చొప్పున రెండు బోలు కప్పలు, 15 గ్రాముల అటూఇటూ వెండి చెంచా ఒకటి, గుండ్రని రేకు స్పిన్నర్ ఒకటి, మొగల్లో వేయాలనుకుంటే పొట్టి పలక గల తేలే చేపబొమ్మ ఒకటి ఉంటే కోనాడనుంచి తాటిపూడి వరకు ఏ నీటికైనా సరిపోతాయి. మిగిలిన డబ్బును మంచి దారానికీ, పదునైన గాలాలకూ, ఒక పట్టకారుకూ కేటాయించడం ఉత్తమం.